దింపుడు చాయ్

ఫిబ్రవరి 8, ఆదివారం

గార్డుబాబూ,

ఇవాళ మెస్ గోడకి ఒక కాగితం అంటించారు. కొత్త రైలు దారికి రేవు నుంచి కంకర మోసే బండ్లు రెండింటిలో ఒకదాన్ని నెలాఖరుకి ఆపేస్తారట. ఆగేది మీ తమ్ముడు ఎక్కే బండే. నాకు ఇంగ్లీషు రాదు గానీ నీ పేరూ ఫెలిక్స్ పేరూ ఏ భాషలో రాసినా గుర్తుపడతాను. వాడి పేరు కనబడింది. ఆ పైన నీ పేరు కోసం కూడా వెతికాను. అలవాటు.

నేను వండిన పప్పు అడుగంటింది. క్యాంపు మొత్తం అదే తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. ఈ మధ్య నన్ను ఎవరూ ఏమీ అనరు.

అన్నానికి వచ్చినప్పుడు యూనియన్ జహీరుద్దీన్‌ని అడిగాను, ఏమిటయ్యా ఇది అని. కడప మనిషి, ఎంత తొందరలో ఉన్నా నిదానంగానే చెబుతాడు.

“సూడు సౌభాగ్యమ్మా, ఎవరి బండి నిలబడిపోతే వాళ్ళు తమకన్నా వెనకొచ్చినోని సీటు అడగొచ్చు. దిగినోడు మళ్ళా వాని వెనకోన్ని అడుగుతాడు. అందరికన్నా ఆఖరోడు యాడ ఖాళీ ఉంటే ఆడికి పోవల్ల. అడగకుండా కూసున్నోడూ అంతే. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదమ్మా, మనం కొట్లాడి తెచ్చుకున్నది. ఈ రూలు ల్యాకుంటే ఫోర్‌మన్ వాని మనుషుల్ని పెట్టుకొని మనల్ని తరిమేస్తాండె.”

“సరే. ఇప్పుడు ఖాళీ ఏడుండాది?”

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసి తాగాడు.

“కొండ బండిలో” అన్నాడు.

ఫిబ్రవరి 9

కొండ బండి. నీ తర్వాత అందులో ఎవరూ నిలవడం లేదట.

ఫిబ్రవరి 11, బుధవారం

ఇవాళ కోడికూర. తబ్రేజ్‌కి ముక్క వెయ్యలేదు, పులుసు పోశాను. నువ్వు పోయినప్పటి నుంచి ఇదే. అతను ప్లేటు చాపి అడగడు, నా మొహం చూడడు. ‘షుక్రియా అమ్మా’ అని వెళ్ళి మూల బల్ల మీద కూర్చుంటాడు. వెనక వరసలో ఎవడో అన్నాడు, “తబ్రేజ్ భాయ్ ప్లేట్ల కోడి ఈత నేర్సుకుంటున్నది, కనవడుత లేదు” అని. అందరూ నవ్వారు. నవ్వనీ.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. రాస్తే సర్దుకుంటుంది. పోయిన ఏడు పట్టాలు మోసే బండి ఆగిపోయింది. అందులో ఉన్న తబ్రేజ్ నీకంటే ముందొచ్చిన మనిషి. రేవు బండిలో నీ సీటు అడిగి కూర్చున్నాడు. నువ్వు కొండ బండి ఎక్కావు. మట్టలాదివారం ఇంకా రాలేదు, కొండల్లో వాన పడింది. కల్వర్టు ఎలా ఉందో చూడాలని నువ్వు బండి దిగావు. దాని కింద ఉన్నదాన్ని ఇక్కడి వాళ్ళు వాదీ అంటారు, ఎప్పుడూ ఎండిపోయి ఉండే ఏరు. ఆ రోజు ఎండిపోయి లేదు.

అతను నీ సీట్లో కూర్చోకపోతే నువ్వు కొండ బండి ఎక్కేవాడివి కాదు. ఇంతే. ఇందులో ఇంకేమీ లేదు.

జహీరుద్దీన్ నీ గురించి ఎప్పుడో ఒకసారి అన్నాడు, “నోయెల్ వెనకాల ఫెలిక్స్ ఉన్నాడు గదమ్మా, వాడు అడిగింటే...” అని. గరిటె చప్పుడు చేశాను. ఆయన ఆగిపోయాడు.

ఇవాళ మాత్రం ఆయనే వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాడు. నువ్వు పోయాక తబ్రేజ్ ఆ సీట్లో ఉండలేనని, యార్డులో డీజిల్ పట్టే పని తానే అడిగి తీసుకున్నాడు గదా. మనంతట మనం అడిగి మారితే పేరు అట్టడుక్కి పోతుందట. ఎన్నేళ్ళు ముందొచ్చినా సరే. కాబట్టి ఇప్పుడు అందరికన్నా ఆఖరివాడు తబ్రేజ్. ఫెలిక్స్ అతనికంటే పైన.

“అంటే?”

“అంటే ఏముందమ్మా. ఫెలిక్స్ అడిగితే తబ్రేజ్ దిగల్ల. ఖాళీ కాడికి ఆయప్ప పోవల్ల. ఇరవై ఆరో తేదీ లోపల అడగల్ల.”

నాకు కాళ్ళలోకి బలం వచ్చింది. దేవుడు లెక్క తప్పడు అనుకున్నాను.

బండ్లవాళ్ళు దీన్ని దింపుడు అంటారు. ‘వాడు వీణ్ణి దింపినాడు, వీడు ఇంకొకణ్ణి దింపినాడు’ అని. ఆ మాట వింటే నాకు దింపుడు కళ్లమే గుర్తొస్తుంది. మన బిట్రగుంటలో హిందువులు పాడెను దారిలో దించి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచేవారు, లేస్తారేమోనని. మనకి ఆ ఆచారం లేదు, పాస్టరుగారు ఒప్పుకోరు. కానీ నిన్ను పెట్టెలో తెచ్చిన రోజు నేను పిలిచాను. తెరవొద్దన్నారు. మూతకి నోరు ఆనించి పిలిచాను. నోయెల్ అని కాదు. చిన్నప్పుడు నువ్వు నా ఎర్రలంగా చించి జెండా చేసి ప్లాట్‌ఫారం మీద ఊపితే మీ నాన్న పెట్టిన పేరుతో పిలిచాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

కంపెనీ బస్సు మస్కట్‌లో రూవీ దాకా వెళ్తుంటే ఎక్కాను. హమ్రియాలో మన చర్చి సునీత కలిసింది. ప్రార్థన అయ్యాక ఇద్దరం నీ దగ్గరికి వచ్చాం, చూశావుగా. ఇసుక కొంచెం కిందికి దిగింది. చేతులతో సర్దాను. ఇక్కడి నేల తడి పట్టుకోదు. పోసిన నీళ్ళు పోసినట్టే పోతాయి.

సునీత ఆసుపత్రిలో ఆయాగా చేసి చేసి, మనిషిని చూడగానే రోగం చెప్పేస్తుంది.

“అక్కా, నువ్వు చిక్కిపోయావు. ఫెలిక్స్‌ని తీసుకుని ఊరికి పోండి. ఇద్దరికీ ఇక్కడేం పని?”

“వీణ్ణి ఇక్కడ పెట్టి ఎట్లా పోతానే?”

“వీడు ఇక్కడ లేడక్కా. ప్రభువు దగ్గర ఉన్నాడు.”

“ప్రభువు దగ్గర ఉండేది నాకూ తెలుసు. నేను మట్టి సర్దింది ఈడ.”

పిల్ల బస్సు దాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. దార్లో నిమ్మకాయ సోడా తాగించింది.

ఊళ్ళో రైల్వే క్వార్టర్స్ మీ నాన్న పోయినప్పుడే ఖాళీ చేశాం. ఊరంటే నాకు ఇప్పుడు ఏ తలుపూ లేదు. ఉన్నా పోను. నువ్వు ఇక్కడ పడుకుని ఉంటే నేను అక్కడ ఎవరికి దీపం పెట్టాలి. ఫెలిక్స్ కాంట్రాక్టు అయ్యేదాకా వాడు కదలలేడు. వాడు కదలకుండా నేను కదలలేను. వాడు కదిలినా నేను కదలలేను. అటు తిప్పి ఇటు తిప్పి రాసినా అదే వస్తుంది.

ఫిబ్రవరి 15

ఫెలిక్స్ అందరూ తిన్నాక వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టి వడ్డించాను.

“తబ్రేజ్ సీటు అడగరా.”

“చూద్దాంలే మా.”

“చూసేదేంది? ఇరవై ఆరు లోపల అడగాల్నంట గదా.”

“అడగాల్నని లేదు మా. అడగొచ్చు అని ఉండాది.”

“నాకు ఇంగ్లీషు రాదని చెప్తుండావా?”

“ఇంగ్లీషు రాకపోయినా నీకు అడిగేది బాగా వచ్చు” అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి వాడూ ఆపేశాడు.

“ఆయన పెద్దాయన మా. మోకాలు పట్టుకొని మెట్లెక్కతాడు. ఆడ కంకర మీద ఎట్లా ఎక్కి దిగతాడు చెప్పు.”

“మీ అన్నకి మోకాళ్ళు బాగానే ఉండెనే” అన్నాను.

అన్నం కలిపినవాడు కలిపినట్టే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 16

వాడు మెస్‌కి రాలేదు. బయట బాకాలా కొట్లో రొట్టె కొనుక్కు తిన్నాడట. రెండు పూటలూ.

ఫిబ్రవరి 17

వచ్చాడు. ఆమ్లెట్ వేశాను.  తిన్నాడు, అది చాలు.

ఫిబ్రవరి 19, గురువారం

నిన్నటితో మనకి శ్రమల దినాలు మొదలయ్యాయి, ఇవాళ్టితో వీళ్ళకి రంజాన్ రోజాలు. ఈ ఏడు ఇద్దరి ఉపవాసాలూ ఒకేసారి వచ్చాయి. మధ్యాహ్నం పొయ్యి చల్లగా ఉంటే వంటిల్లు నాదిలా అనిపించలేదు.

సాయంత్రం మసీదు బాంగు కోసం ఎదురుచూస్తూ అందరూ బల్లల దగ్గర కూర్చున్నారు. గంజి, పకోడీలు, ఖర్జూరాలు పెట్టించాను. తబ్రేజ్ తన మూల బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. వెళ్ళి నిలబడ్డాను. ఏడాదిలో అతనితో నేను మాట్లాడింది ఇదే మొదలు.

“తబ్రేజ్, నీ సీటు మావాడు అడుగుతాడు. ముందే చెప్తుండా.”

“అడగనియ్యి అమ్మా. హక్కున్నది వానికి. నేను దిగుత.”

అంత మెత్తగా అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇంత సుళువుగా దిగేవాడివి, ఆ పొద్దు నా బిడ్డ సీటు ఎందుకెక్కినావు?”

అతని చేతిలో ఖర్జూరం ఉంది. దాన్ని ప్లేటులో పెట్టేశాడు.

“పూఛే బగైర్ కూసోలే అమ్మా. అడిగే కూసున్న. ముందుగాల నేను ఫెలిక్స్ సీటే అడుగుదామనుకున్న. అందరికన్న చిన్నోడు, వాని వెనక ఎవ్వలు లేరు, ఒక్కనితోనే అయిపోతది అని. చాయ్ పట్టుకొని వాని రూమ్ దిక్కు పోతుంటె నోయెల్ ఎదురొచ్చిండు. ‘ఏ భాయ్, ఆ చాయ్ ఎవలికి’ అన్నడు. చెప్పిన. ‘తమ్ముని దగ్గరికి తీస్కపోకు, నాకియ్యి’ అన్నడు. ‘నీకిస్తె నువ్వు మల్ల ఫెలిక్స్‌నే దింపాలె గద’ అన్న. ‘నేను దింప, ఖాళీ ఉన్న కాడికి పోత, వానికి కొండల బండి చాత కాదు’ అన్నడు. తాగిండు.”

“ఏం చాయ్?” అన్నాను. నాకు నిజంగా తెలియదు. నేను వంటింటి దాన్ని, బండ్లవాళ్ళ మర్యాదలు నాకెవరు చెబుతారు.

వెనక బల్ల మీది జహీరుద్దీన్ చెప్పాడు. దింపుడు చాయ్ అంటారట. రూల్లో లేదు, కాగితంలో లేదు. ఎవరి సీటు అడగబోతారో ముందు వాళ్ళ దగ్గరికి చాయ్ తీసుకెళ్ళాలి. అవతలి మనిషి తాగితే మనసులో ఏమీ పెట్టుకోలేదని అర్థం. తాగకపోయినా సీటు పోతుంది గానీ, ఆ తర్వాత ఇద్దరూ ఒక బల్ల మీద తినరు.

తబ్రేజ్ నా వైపు చూశాడు. “అమ్మా, ఆ దినం చాయ్ నువ్వే పెట్టినవ్” అన్నాడు.

అప్పుడు బాంగు వినబడింది. అతను ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు. పొద్దుటి నుంచి పస్తున్న మనిషి. నేను అక్కడే నిలబడి అతను నమలడం చూశాను.

ఫిబ్రవరి 20

ఆ రోజు తబ్రేజ్‌కి పెట్టిన చాయ్‌లో అల్లం దంచి వేశాను. అతను అడగలేదు. రెండు కప్పులు కావాలన్నాడు, ఒకటి ఎవరికి అంటే ‘మీవోనికే’ అన్నాడు. మీవాడంటే నువ్వేననుకున్నాను. నీకు అల్లం ఇష్టమని వేశాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఉల్లిపాయలు కుళ్ళినవి పంపారు. స్టోరు వాడితో గొడవ పడ్డాను. పాకిస్తాన్ ఉల్లి బాగుంటుంది, ఈ సారి వచ్చింది ఎక్కడిదో నీరు కారిపోతోంది. సగం పారేసి మిగతావి ఎండబెట్టాను. నూనె కూడా తక్కువ వచ్చింది. ఇవాళ రాయడానికి ఇంకేమీ లేదు.

ఫిబ్రవరి 23

ఫెలిక్స్‌ని అడిగాను. అడగకూడదనుకున్నాను, కానీ అడిగాను.

“మీ అన్న నీకు బదులు పోయినాడని నీకు తెలుసునా?”

వాడు షూ విప్పుతున్నాడు. ఒకటి విప్పి, రెండోది అలాగే ఉంచాడు.

“తెలుసు మా. అన్న పోయినాక తబ్రేజ్ భాయ్ ఏడ్చుకుంటా చెప్పినాడు.”

“నాకెందుకు చెప్పలేదురా?”

“నేనే చెప్పొద్దన్నా.”

“ఎందుకు?”

“నువ్వు ఆయనకి ముక్కలెయ్యకుండా ఉంటే, నాకు వేస్తుంటివి గదా. నిజం తెలిస్తే ఆ పులుసు ప్లేటు నాకొస్తాదేమో అనుకున్నా.”

వాడు నవ్వించడానికే అన్నాడు. మన ఇంట్లో అందరికీ ఆ రోగమే, మీ నాన్నతో మొదలు. కానీ గార్డుబాబూ, ఒక్క క్షణం, నీకు కాక ఇంకెవరికి చెప్పను, ఒక్క క్షణం నేను వాడి మొహంలోకి చూడలేకపోయాను. వాడు అది చూశాడు. చూసి రెండో షూ విప్పుకున్నాడు.

తర్వాత దగ్గరికి లాక్కున్నాను. తల నిమిరాను. అయినా ఆ క్షణం వెనక్కి పోలేదు, మా ఇద్దరి మధ్యనే కూర్చుంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఏది నిజమైనా నాకొద్దు. నువ్వు నీ ఇష్టంతో పోయావు, నన్ను అడగలేదు. అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకు తెలియదు, దేవుడు నన్ను ఆ ప్రశ్న నుంచి తప్పించాడు. ఇప్పుడు మిగిలింది ఒక్కడు. ఆ ఒక్కడు ఆ బండి ఎక్కకూడదు. తబ్రేజ్ మంచివాడైతే కానీ, నీకు చాయ్ ఇచ్చినవాడైతే కానీ. అతను దిగుతానన్నాడు. తన నోటితో అన్నాడు.

ఫెలిక్స్ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తల్లి అలా కూర్చోకూడదు, కూర్చున్నాను.

“రేయ్, నేను ఇంకొక పెట్టెకి నోరు ఆనించలేనురా.”

“లెయ్ మా. కింద కూర్చోబాక.”

“అడుగుతానని చెప్పు, లేస్తా.”

వాడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను లేవలేదు. చివరికి అన్నాడు:

“సరే మా. రెండు టీలు పెట్టు.”

పెట్టాను. ఆ రెండు టీలంటే ఏమిటో తెలిసే పెట్టాను. ఏ తల్లయినా పెడుతుంది. నువ్వు నన్ను అలా చూడకు.

ఉపవాసం విడిచే వేళ దాటాక వాడు రెండు కప్పులూ పట్టుకుని యార్డు పక్కన తబ్రేజ్ రూమ్ వైపు వెళ్ళాడు. ఒలక్కుండా నడుస్తాడు, చిన్నప్పటి నుంచి అంతే. కిటికీలోంచి కనబడినంత దూరం చూశాను.

ఫిబ్రవరి 25

తాగాడట. ఇద్దరూ తాగారట. ఖాళీ కప్పులు తబ్రేజే తెచ్చి తానే కడిగి బోర్లించి వెళ్ళాడు.  

ఎన్ని నెలలైందో ఇలా నిద్రపట్టి. పొద్దున్నే గిన్నెలు తోముతూ పాట అందుకున్నాను. నేపాలీ పిల్లాడు తలుపులోంచి తొంగి చూసి వెళ్ళాడు, ముసలమ్మకి ఏమైందా అని.

కొండల్లో ఈ ఏడు వానలు ఉండవని అందరూ అంటున్నారు. తబ్రేజ్ పెద్దమనిషి, మబ్బు పట్టిందంటే బండి దిగడు. మోకాళ్ళకి సునీత ఇచ్చిన నూనె ఉంది నా దగ్గర, అతనికి ఇద్దామనుకుంటున్నాను. అక్కడ చలి ఎక్కువ. ఒక దుప్పటి కూడా.

ఇందులో తప్పేమీ లేదు. ఇది రూలు. కొట్లాడి తెచ్చుకున్న రూలు.

ఫిబ్రవరి 26, గురువారం

జహీరుద్దీన్ వంటింట్లోకి వచ్చాడు. ఎప్పుడూ కిటికీ దాటి లోపలికి రాడు.

“సౌభాగ్యమ్మా, కూసో.”

“పొయ్యి మీద కూరుంది, చెప్పు.”

“కూసోమ్మా.”

కూర్చోలేదు. చెప్పాడు. మధ్యాహ్నం ఫెలిక్స్ యూనియన్ రూమ్‌కి వచ్చాడట. ఈయన తబ్రేజ్ సీటు రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడట. కొండ బండి రాయమన్నాడట.

“చాయ్ తాగినారు గదా? ఇద్దరూ తాగినారు గదా?”

“తాగినారమ్మా. తబ్రేజ్‌ని కూడా అడిగినా. చాయ్ తాగి, ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ఎదురుసూస్తా కూసున్నాడంట ఆయప్ప. పిల్లోడు సీటు మాటే ఎత్తలా. ‘మా అమ్మ పెట్టింది భాయ్, తాగు’ అన్నాడంట. అంతే.”

తబ్రేజ్ గబగబా వచ్చి తన పేరు రాయమని బల్ల గుద్దాడట. ఒకరు అడిగి రాయించుకున్న ఖాళీ మీద ఇంకొకరిని రాయడానికి లేదట.

“ఆ రూలు తెచ్చింది నువ్వే గదా” అన్నాను. “మార్చు.”

“నేను మార్చలేనమ్మా.”

“మరి ఎందుకు తెచ్చినావు?”

ఆ మనిషి పొయ్యి కట్టేసి వెళ్ళాడు. నేను మర్చిపోయాను, కూర మాడిపోతోంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పనికి లేవలేదు. నేపాలీ పిల్లాడు ఏదో వండి పెట్టాడు వాళ్ళకి. నీ దగ్గరికీ రాలేదు ఈ వారం.

ఫెలిక్స్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“నన్ను మోసం చేసినావు” అన్నాను.

“టీ పెట్టమన్నా. పెట్టినావు. ఇచ్చినా.”

“సీటు అడుగుతానన్నావు.”

“అడగతాననే పోయినా మా. ఒట్టు. ఆయన కప్పు అందుకొని, తాగకముందే లేచి తన చొక్కాలూ అవీ మడుచుకుంటుండాడు, నేను అడగకముందే. ఇంక నోరు రాలేదు.”

 ఏసీ ఒకటే శబ్దం చేస్తోంది.

“అది మీ అన్న ఎక్కిన సీటురా” అన్నాను.

“కాదు మా. అది నా సీటే. ముందు నుంచీ నాదే. అన్న తీసుకున్నాడు.”

దీనికి జవాబు నీ దగ్గర ఉందా? నువ్వు వాడికి ఆ సీటు తప్పించావనుకున్నావు. దాచిపెట్టావు, అంతే.

లేచి మొహం కడుక్కున్నాను. వాడు నా చెప్పులు తెచ్చి మంచం కింద పెట్టాడు.

ఫిబ్రవరి 28

మస్కట్ మట్టిలో ఒకడు. కొండలో ఒకడు. మధ్యలో నేను, పొయ్యి దగ్గర. ఎటు రెండడుగులు వేసినా ఇంకొకడికి దూరమవుతాను.

ఇవాళ కూర వడ్డిస్తుంటే తబ్రేజ్ వరసలో వచ్చాడు. ముక్క వెయ్యాలనే గరిటె ముంచాను. పులుసే వచ్చింది. మళ్ళీ ముంచలేదు. అతను ‘షుక్రియా అమ్మా’ అన్నాడు. నేను మంచిదాన్ని కాలేకపోతున్నాను గార్డుబాబూ. ఎవరి మీద కోపమో తెలియకపోయినా కోపం మాత్రం అలాగే ఉంది.

మార్చి 1, ఆదివారం

ఇవాళ నీకు కాదు నాయనా రాసేది. ఏమీ అనుకోకు.

ఫెలిక్స్,

నీకు నేనెప్పుడూ రాయలేదు. నువ్వు ఎప్పుడూ ఎదురుగానే ఉంటివి, అందుకని. ఎదురుగా ఉన్నవాడిని వదిలేసి లేనివాడితో మాట్లాడుతూ ఏడాది గడిపాను. నీకు అర్థమయ్యే ఉంటుంది, నువ్వు ఏమీ అనలేదు.

రేపు పొద్దున కంపెనీ బండి వస్తుంది. నన్ను రావొద్దన్నావు, రాను. ఈ కాగితం చించి నీ సంచిలో బట్టల మధ్య పెడుతున్నాను. చదివి నవ్వుకో, నా అక్షరాలు చూసి.

నువ్వు చేసింది మంచిదని నేను అనను. పాస్టరుగారు అంటారు, జహీరుద్దీన్ ఇప్పటికే అంటున్నాడు. నేను అనను. నాకు నువ్వు కావాలి. ఎవరినైనా దించి అయినా సరే నిన్ను ఇక్కడే కూర్చోబెట్టుకోవాలనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. సిగ్గుగా ఉంది కానీ మారలేదు.

ఆ రోజు నీ మొహం చూడలేకపోయానే, అది నీకు తెలుసు. దాన్ని లేదనను. కానీ అది ఒక్క క్షణమేరా. మిగతా అన్ని క్షణాలూ నీవే. అన్నకి బదులు నువ్వు ఉన్నావని కాదు, నువ్వు నువ్వని. నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదు, మంత్రసాని కాళ్ళు పట్టి ఊపింది, అప్పుడు ఏడ్చావు. నేను ఎంత నవ్వానో ఎవరికీ తెలియదు.

నేను ఎక్కడికీ పోవడం లేదు. శుక్రవారం అన్న దగ్గరికి వెళ్తాను, మిగతా రోజులు ఇక్కడే ఉంటాను. నీ బండి ఈ యార్డుకి ఎప్పుడు కంకర కోసం వచ్చినా నేను కిటికీ దగ్గరే ఉంటాను.

వాన మబ్బు కనబడితే బండి దిగొద్దు. ఎవరు దిగమన్నా దిగొద్దు. ఫోన్ ఎత్తు.

అక్కడ వంటవాడు ఎవరో, ఎలా చేస్తాడో. ఎలా ఉన్నా సగంలో లేవకు నాన్నా. కడుపు నిండా తిను.